కిరాణా కొట్టులో స్కానర్ తీసేయాలా?

ప్రశ్న: మాది కోదాడ. నాన్నకు కిరాణా కొట్టు ఉంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బెంగళూరులో చిన్న వ్యాపారులకు యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు ఇచ్చారని ఎవరో చెప్పినప్పటి నుంచి నాన్నకు టెన్షన్ పట్టుకుంది. "స్కానర్ తీసేద్దాం, క్యాషే మేలు" అంటున్నారు. బాబాయి కూడా వంత పాడుతున్నారు: అకౌంట్ ఫ్రీజ్ చేస్తారట, రెండు వేలు దాటితే జీఎస్టీ వేస్తారట, డబ్బులు మధ్యలో ఇరుక్కుంటాయట. మధ్యాహ్నం పూట కౌంటర్లో అమ్మ కూర్చుంటుంది, ఆమెకు స్మార్ట్‌ఫోన్ వాడటం రాదు. స్కానర్ తీసేయడమే మంచిదా?

సమాధానం: తీసేయకండి. అలాగని మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి కూడా. నేను ఒక బ్యాంకులో డిజిటల్ పేమెంట్ల ఫిర్యాదులు చూసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. చిన్న కొట్ల వాళ్లు ఇబ్బంది పడిన కేసుల్లో ఎక్కువ భాగం స్కానర్ పెట్టడం వల్ల వచ్చినవి కావు. ఇంటి డబ్బు, కొట్టు డబ్బు, చీటీ డబ్బు, పక్కింటాయన డబ్బు అన్నీ ఒకే సేవింగ్స్ అకౌంట్లో కలిసిపోవడం వల్ల వచ్చినవి. మీ నాన్నగారి స్కానర్ కూడా బహుశా ఆయన పాత సేవింగ్స్ అకౌంట్‌కే కలిపి ఉంటుంది. ముందు అది విడదీయాలి. మీ బాబాయిగారు చెప్పినవాటిలో ఒకటి అబద్ధం, ఒకటి సగం నిజం, ఒకటి పూర్తి నిజం. ఒక్కొక్కటీ చూద్దాం.

బెంగళూరు సంగతి నిజమే. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ సంస్థల దగ్గర లెక్కలు తెప్పించుకుని, 2021-22 నుంచి 2024-25 వరకు వచ్చిన మొత్తాలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో 1.63 కోట్లు వచ్చాయని చూపించి 29 లక్షలు కట్టమన్నారు. వినగానే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. కానీ లెక్క వేసి చూడండి. నాలుగేళ్లకు 1.63 కోట్లంటే ఏడాదికి సగటున 40 లక్షలు, ఆపైన కొంచెం. పైగా తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. అంటే ఆ నోటీసు అకౌంట్లోకి ఎంత వచ్చిందో చూసిందే తప్ప, ఆ డబ్బు ఏం అమ్మితే వచ్చిందో చూడలేదు. బెంగళూరులో కొట్ల ముందు "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" బోర్డులు వెలిశాయి. జులై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి, పాత బకాయిలు వసూలు చేయబోమని, ఏడాది అమ్మకం పరిమితి దాటినవాళ్లు మాత్రం ఇకపై జీఎస్టీకి రిజిస్టర్ చేసుకోవాలని చెప్పారు.

ఇందులో మీకు పనికొచ్చే విషయం చివరి ముక్క. పరిమితి అనేది యూపీఐకి కాదు, మొత్తం అమ్మకానికి. క్యాష్‌లో అమ్మినా, ఫోన్‌పేలో అమ్మినా, అరువు ఇచ్చినా అన్నీ కలిపే లెక్క. చాలామంది యూట్యూబ్‌లో విని "40 లక్షల దాకా భయం లేదు" అనుకుంటారు. మీది కోదాడ కాబట్టి జాగ్రత్తగా చదవండి. సరుకులు అమ్మేవాళ్లకు 2019లో ఆ పరిమితిని 20 నుంచి 40 లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ తీసుకుంది, తెలంగాణ తీసుకోలేదు. హైవే మీద సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో కొట్టు పెట్టుకున్నాయనకు 40 లక్షలు, కోదాడలో మీ నాన్నగారికి 20 లక్షలు. 20 లక్షలంటే రోజుకు సుమారు 5,500 రూపాయల అమ్మకం. బస్టాండు దగ్గరో, నలుగురు తిరిగే వీధిలోనో ఉన్న కిరాణా కొట్టు దసరా, సంక్రాంతి సీజన్లు కలుపుకుంటే ఆ గీత దాటడం పెద్ద కష్టం కాదు. మీ కొట్టు ఇప్పటికే దాటి ఉండొచ్చు కూడా.

విడి బియ్యం, విడి పప్పు మీద జీఎస్టీ లేదు కదా, మరి అవి కూడా లెక్కలోకి వస్తాయా అని అడుగుతారు. కేవలం జీఎస్టీ లేని సరుకే అమ్మేవాళ్లు ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి లాంటి పన్ను ఉన్నవి కూడా అమ్ముతుంటే, పరిమితి చూసేటప్పుడు బియ్యం పప్పుల అమ్మకం కూడా కలుపుతారు. కిరాణా కొట్టు రెండో రకమే.

దాటితే కొంపేం మునగదు. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మే చిన్న వ్యాపారులకు కాంపోజిషన్ స్కీమ్ ఉంది. పన్ను ఉన్న సరుకు అమ్మకం మీద 1 శాతం కట్టాలి, మూడు నెలలకోసారి చలానా, ఏడాదికి ఒక రిటర్ను. కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు, కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. ఆ 1 శాతం మీ లాభంలోంచే పోతుంది, కిరాణా లాభాల్లో అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అయినా నాలుగేళ్ల తర్వాత వడ్డీ, పెనాల్టీతో వచ్చే నోటీసు కంటే నయం. విజయవాడ హోల్‌సేల్ మార్కెట్ నుంచి సరుకు తెచ్చుకోవడం దీనికి అడ్డు కాదు. మీ ఊళ్లో ఆడిటర్‌ను కలిసి గత ఏడాది అమ్మకం లెక్క ముందు పెట్టండి. పరిమితి దాటిన రోజు నుంచి 30 రోజుల్లోపు రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలన్నది నిబంధన.

ఇన్‌కమ్ టాక్స్ భయం వేరే ఉంటుంది. జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ ఒకటే అనుకుని రెండింటికీ కలిపి భయపడేవాళ్లను చాలామందిని చూశాను. చిన్న వ్యాపారులకు 44ఏడీ అని అందరూ పిలిచే పద్ధతి ఒకటి ఉంది. పుస్తకాలన్నీ రాయక్కర్లేదు, అమ్మకంలో 8 శాతం లాభం అనుకుని చూపిస్తే చాలు. బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకానికైతే 8 కాదు, 6 శాతం. 30 లక్షల అమ్మకం మొత్తం క్యాష్ అయితే 2 లక్షల 40 వేలు ఆదాయం, మొత్తం యూపీఐ అయితే 1 లక్ష 80 వేలు. 2025-26 నుంచి ఇన్‌కమ్ టాక్స్ కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్నే లేదు, రిబేటుతో 12 లక్షల దాకా పన్ను పడదు. అంటే ఈ లెక్కలో స్కానర్ మీ నాన్నగారికి సాయమే చేస్తోంది.

క్యాష్ ఎవరికీ కనబడదన్న నమ్మకం గురించి రెండు మాటలు. సేవింగ్స్ అకౌంట్లలో ఏడాదిలో మొత్తం 10 లక్షలు, ఆపైన నగదు జమ చేస్తే బ్యాంకు ఆ సంగతి ఇన్‌కమ్ టాక్స్ శాఖకు తెలియజేయాలి. కరెంట్ అకౌంట్లకైతే 50 లక్షలు. మీకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్ పుస్తకాల్లో మీ కొట్టు పేరు ఎలాగూ ఉంటుంది. ఏడాదికి ఎంత సరుకు కొన్నారో తెలిస్తే ఎంత అమ్మారో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. స్కానర్ తీసేస్తే ఆగేది కుర్రకారు కస్టమర్ల రాక, వాళ్లు పక్క కొట్టుకు పోతారు. నోటీసు మాత్రం ఆగదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ బాబాయిగారు చెప్పిన అకౌంట్ ఫ్రీజ్. ఇది పూర్తి నిజం, దీనికి మీరు భయపడాల్సిందే. మీ నాన్నగారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఎవరైనా ఫోన్‌పే కొడితే క్యాష్ ఇస్తున్నావా నాన్నా?"

చిన్న ఊళ్లలో ఏటీఎం పనిచేయనప్పుడు, నెట్‌వర్క్ లేనప్పుడు కిరాణా కొట్టే ఏటీఎం. తెలిసినవాడు వచ్చి "అన్నా, రెండు వేలు కొడుతున్నా, క్యాష్ ఇయ్యి" అంటాడు. కాదనలేం. మీకూ గల్లా పెట్టెలో క్యాష్ తగ్గి అకౌంట్లో పడుతుంది, బ్యాంకుకు పోయే శ్రమ తప్పుతుంది. అక్కడితో ఆగితే బాగానే ఉంటుంది. కానీ ఒకరోజు తెలియని మనిషి వస్తాడు. హాస్పిటల్లో అర్జంటు అంటాడు, లేదా లారీ డ్రైవర్‌నంటాడు. "పది వేలు కొడతాను, రెండొందలు మీరుంచుకుని మిగతాది ఇవ్వండి" అంటాడు. సౌండ్ బాక్స్ మోగుతుంది, డబ్బు నిజంగానే పడుతుంది, మోసం ఏమీ కనబడదు. ఆ పది వేలు ఏ నాగ్‌పూర్‌లోనో, ఏ కోయంబత్తూరులోనో ఒక రిటైర్డ్ టీచర్ దగ్గర, పోలీసులమని ఫోన్లో బెదిరించి డిజిటల్ అరెస్టు పేరుతో కొట్టేసిన సొమ్ములో ఒక ముక్క. ఆవిడ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తుంది. ఆ ఫిర్యాదు మీద డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కు పోయిందో బ్యాంకులు వరసగా పట్టుకుంటూ వస్తాయి. మొదటి అకౌంట్, రెండో అకౌంట్, మూడోది... చివరికి మీ నాన్నగారి దగ్గర ఆగుతుంది. దొంగ చేతిలో క్యాష్ ఉంది, దానికి ఆనవాలు లేదు. దొరికింది కోదాడ కిరాణా కొట్టు అకౌంట్.

అప్పుడు ఏమవుతుందంటే, ఆ మొత్తం మీద హోల్డ్ పడుతుంది. కొన్నిసార్లు అకౌంట్ మొత్తమే ఫ్రీజ్ అవుతుంది. అందులోనే పిల్లల ఫీజు, గ్యాస్ సబ్సిడీ, రైతు భరోసా, అమ్మ పింఛను కూడా ఉంటే? డిస్ట్రిబ్యూటర్‌కు ఇవ్వాల్సిన చెక్కు బౌన్స్ అయితే? బ్రాంచికి వెళ్తే "సైబర్ పోలీస్ కంప్లైంట్ ఉంది, మా చేతిలో లేదు" అంటారు. ఏ పోలీస్ స్టేషన్ అంటే వేరే రాష్ట్రం పేరు చెప్తారు. నేను డెస్కులో ఉన్నప్పుడు ఫోన్లో ఏడ్చినవాళ్లలో దొంగలు లేరు. ఇలాంటి కొట్లవాళ్లు, మెడికల్ షాపులవాళ్లు, పెట్రోలు బంకు మేనేజర్లు ఉన్నారు.

కాబట్టి మొదటి మాట: తెలియని మనిషికి యూపీఐ తీసుకుని క్యాష్ ఇవ్వడం ఇవాళ్టి నుంచి బంద్. కమీషన్ ఇస్తానన్నవాడికైతే అసలే వద్దు, అది తెచ్చే తిప్పలకు ఏ కమీషనూ సరిపోదు. తెలిసినవాళ్లకు కూడా వీలైనంత తగ్గించండి. మరో కోణం కూడా ఉంది. ఇలా వచ్చిన డబ్బు అమ్మకం కాదు, కానీ అకౌంట్లో చూసేవాడికి అమ్మకంలాగే కనబడుతుంది. మీ అసలు అమ్మకం 16 లక్షలుండి, క్యాష్ ఇచ్చి తీసుకున్నది 8 లక్షలుంటే, పన్నుల శాఖ కంప్యూటర్‌కు మీరు 24 లక్షల వ్యాపారి. అది అమ్మకం కాదని నిరూపించే బాధ్యత మీ మీద పడుతుంది, కాగితం ముక్క కూడా ఉండదు.

ఇలాంటిదే ఇంకోటి. "పొరపాటున మీకు 5,000 కొట్టేశాను, తిరిగి పంపండి" అని ఫోన్ వస్తుంది. ఎస్ఎంఎస్ కూడా వస్తుంది, బ్యాంకు నుంచి వచ్చినట్టే ఉంటుంది. బ్యాలెన్స్ చూస్తే ఏమీ పడదు. ఒకవేళ నిజంగా పడినా మీ అంతట మీరు మరో నంబర్‌కు పంపకండి. వాళ్ల బ్యాంకులో ఫిర్యాదు పెట్టమనండి, మీ బ్యాంకు మిమ్మల్ని అడిగినప్పుడు ఒప్పుకుంటే వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

రెండో మాట అకౌంట్ విడదీయడం. కొట్టు పేరు మీద కరెంట్ అకౌంట్ తెరిచి దానికి మర్చంట్ స్కానర్ తీసుకోండి. కరెంట్ అకౌంట్లకు కనీస బ్యాలెన్స్ ఎక్కువ అడుగుతారు, కొన్ని బ్యాంకుల్లో చిన్న వ్యాపారులకు తక్కువ బ్యాలెన్స్‌వి ఉంటాయి, రెండు మూడు చోట్ల అడగండి. అది కుదరకపోతే కనీసం కొట్టు కోసమే వేరే బ్యాంకులో ఇంకో అకౌంట్ పెట్టండి. రాత్రి కొట్టు కట్టేశాక ఆ రోజు వచ్చిన దాంట్లో రేపటి ఖర్చులకు ఉంచి మిగతాది ఇంటి అకౌంట్‌కు పంపేయండి. ఇంటికి పోయే డబ్బు, చీటీలు, బంధువుల బదిలీలు, పింఛను ఏవీ కొట్టు అకౌంట్‌కు రాకూడదు. ఎప్పుడైనా కొట్టు అకౌంట్‌కు హోల్డ్ పడినా ఇల్లు ఆగదు. నోటీసు వచ్చినా కొట్టు అకౌంట్ స్టేట్‌మెంట్ తీసి ఆడిటర్ ముందు పెట్టొచ్చు, అందులో ఉన్నదంతా అమ్మకమే. నా దృష్టిలో మీ ప్రశ్నలో సగానికి పైగా ఈ ఒక్క పనితో తేలిపోతుంది. దీనికి అయ్యేది బ్యాంకులో ఒక పూట.

హోల్డ్ పడితే ఏం చేయాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ సమయంలో ఎవరూ సరిగ్గా చెప్పరు. నోటిమాటగా అడిగి తిరిగి రాకండి. బ్రాంచి మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ ఫిర్యాదు మీద హోల్డ్ పెట్టారు, దాని నంబర్ ఏంటి, ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం వివాదంలో ఉంది, ఈ నాలుగూ రాతపూర్వకంగా కావాలని అడగండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే హోల్డ్ ఉంచి మిగతా అకౌంట్ వదలమని అదే కాగితంలో కోరండి. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లో పోలీసులు చెప్పిన మొత్తానికే హోల్డ్ పరిమితం చేయాలని చెప్పింది. అది తెలంగాణ హైకోర్టు తీర్పు కాకపోయినా మీ ఉత్తరంలో రాయడానికి పనికొస్తుంది. తర్వాత ఆ పోలీస్ స్టేషన్‌కు ఆ రోజు బిల్లు, కొట్టు ఫొటో, లైసెన్స్, స్టేట్‌మెంట్ జతచేసి ఈమెయిల్ పంపండి. అక్కడికి రమ్మని ఫోన్‌లో ఎవరైనా డబ్బులడిగితే మాత్రం అది ఇంకో మోసమని అర్థం చేసుకోండి.

ఇప్పుడు రెండు వేలు దాటితే జీఎస్టీ అన్నమాట. ఇది అబద్ధం. 2025 ఏప్రిల్‌లో ఈ పుకారు బాగా తిరిగింది, కేంద్ర ఆర్థిక శాఖ అప్పుడే ఖండించింది. బ్యాంకు అకౌంట్ నుంచి అకౌంట్‌కు జరిగే యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర తీసుకునే ఎండీఆర్ ఛార్జీయే సున్నా. ఛార్జీ లేనప్పుడు ఛార్జీ మీద జీఎస్టీ ఎక్కడిది? పుకారు ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. ప్రీపెయిడ్ వాలెట్ బ్యాలెన్స్‌తో రెండు వేలు దాటి కడితే 2023 ఏప్రిల్ నుంచి 1.1 శాతం దాకా ఇంటర్‌చేంజ్ ఉంది, అది కంపెనీల మధ్య లెక్క. మీ కౌంటర్లో బ్యాంకు అకౌంట్ నుంచి కొట్టేవాళ్లకు దీంతో సంబంధం లేదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుని కొట్టేవాళ్లు కూడా వస్తున్నారు, ఆ పేమెంట్లకు ఛార్జీ ఎంత అన్నది స్కానర్ ఇచ్చిన కంపెనీని ముందే అడిగి పెట్టుకోండి. మీరు నిజంగా కట్టేది సౌండ్ బాక్స్ నెల అద్దె. అది బేరమాడదగ్గ విషయం, మొదటిసారి చెప్పిన రేటుకు ఒప్పుకోకండి.

డబ్బులు మధ్యలో ఇరుక్కోవడం సగం నిజం. ఇరుక్కుంటాయి, కానీ తిరిగొస్తాయి. కస్టమర్ పిన్ కొట్టగానే అతని యాప్ నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి అతని బ్యాంకుకు, మళ్లీ ఎన్‌పీసీఐ ద్వారా మీ బ్యాంకుకు సందేశాలు పోతాయి. ఈ గొలుసులో మీ బ్యాంకు సర్వర్ జవాబివ్వకపోతే అటు కట్ అవుతుంది, ఇటు పడదు. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు అయితే మరుసటి రోజులోపు, వ్యాపారికి కట్టినదైతే ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు బ్యాంకు కస్టమర్‌కు ఇవ్వాలి. అడగకుండానే ఇవ్వాలని ఉంది. అడగకపోతే ఇచ్చే బ్యాంకును నేను ఎక్కువ చూడలేదు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఎలా అన్నది 14448కి ఫోన్ చేస్తే చెప్తారు.

కౌంటర్లో చేయాల్సింది ఏంటంటే, కస్టమర్ ఫోన్లో ఆకుపచ్చ టిక్కు చూసి సరుకు ఇవ్వకూడదు. పేమెంట్ అయినట్టు చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి, కొట్టు పేరు, మొత్తం, టైము అన్నీ అచ్చుగుద్దినట్టు చూపిస్తాయి. మీ బాక్స్ మోగిందా, మీ అకౌంట్లో పడిందా, అంతే. రోజూ వచ్చే కస్టమర్‌కు "పెండింగ్" అని వస్తే ఖాతా పుస్తకంలో రాసుకుని సరుకు ఇచ్చేయండి, వెంటనే రెండోసారి కొట్టించకండి. ఒక్కోసారి రెండూ పడతాయి, తర్వాత లెక్క తేల్చడానికి గొడవ. తెలియనివాళ్లనైతే క్యాష్ అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫిర్యాదుకు పోయేటప్పుడు ప్రతి పేమెంట్‌కూ విడిగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్ ఒక్కటే ముఖ్యం. స్క్రీన్‌షాట్లు పది పంపినా ఆ నంబర్ లేకపోతే డెస్కులో ఎవరూ ఏమీ వెతకలేరు.

ఒక్క విషయంలో మాత్రం నేను మీ నాన్నగారి పక్షం. క్యాష్ పూర్తిగా మానేయడం తెలివైన పని కాదు. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ ఆగిపోయింది. రెండోది శనివారం, కొట్లకు గిరాకీ ఉండే రోజు. నెలకు 2,000 కోట్ల లావాదేవీలు దాటిన వ్యవస్థ (2025 ఆగస్టులో మొదటిసారి దాటింది) కాసేపు ఆగినా వీధివీధినా తెలుస్తుంది. ఆ రోజు గల్లాలో చిల్లర ఉన్న కొట్టే నడిచింది. స్కానర్ ఉంచండి, చిల్లర కూడా ఉంచండి.

స్కానర్ స్టిక్కర్ మీద కూడా ఒక కన్నేయాలి. 2025 జనవరిలో ఖజురహోలో ఒక్క రాత్రిలో చాలా కొట్ల స్కానర్ల మీద వేరే స్టిక్కర్లు అంటించి పోయారు, పొద్దున గిరాకీ డబ్బంతా దొంగల అకౌంట్‌కు పోయింది. కొట్టు బయట గోడకు అంటించిన స్టిక్కర్ ఉంటే తీసేసి, రాత్రి లోపల పెట్టుకునే స్టాండు వాడండి. పొద్దున కొట్టు తెరవగానే మీ నాన్నగారే ఇంకో ఫోన్‌తో స్కాన్ చేసి రూపాయి పంపి చూస్తే పేరు కనబడుతుంది. 2025 జూన్ 30 నుంచి పంపేముందు బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే చూపించాలన్న నిబంధన వచ్చింది కాబట్టి ఈ పరీక్ష ఇప్పుడు నమ్మదగినదే.

నాన్నగారి ఫోన్ సంగతి క్లుప్తంగా. డబ్బు రావడానికి ఎప్పుడూ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టామంటే పోతున్నట్టే. డబ్బు పంపమని అడిగే రిక్వెస్ట్ పెట్టి పిన్ కొట్టించే ఈ కలెక్ట్ రిక్వెస్ట్ మోసాలు ఎంత పెరిగాయంటే మనుషుల మధ్య ఆ సదుపాయాన్నే 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ తీసేసింది. ఇప్పుడు వాట్సాప్‌లో పీఎం కిసాన్, ఈ-చలానా పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్ల వంతు నడుస్తోంది. అవి నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్‌లు వాళ్ల చేతికి పోతాయి. కొట్టు అకౌంట్‌కు కలిపిన సిమ్ ఉన్న ఫోన్లో కుటుంబ వాట్సాప్ గ్రూపులు లేకుండా చేయగలిగితే ఇంకా మంచిది, పాత చిన్న స్మార్ట్‌ఫోన్ చాలు. ఫోన్ పోతే మొదట సిమ్ బ్లాక్ చేయించండి, తర్వాతే మిగతావి, ఎందుకంటే యూపీఐ యాప్ ఆ సిమ్‌తోనే ముడిపడి ఉంటుంది. డబ్బు పోతే ఆలోచించకుండా 1930, వెంటనే బ్యాంకు. మీ తప్పు లేకుండా పోయిన డబ్బుకు మూడు పని దినాల్లో ఫిర్యాదు చేస్తే బాధ్యత మీది కాదని 2017 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. పిన్, ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు నష్టం మీదే.

అమ్మగారి విషయం. ఆమెకు స్మార్ట్‌ఫోన్ రాకపోవడం ఇబ్బంది కాదు, ఒక రకంగా మేలే. పిన్ తెలియని మనిషి దగ్గర పిన్ రాబట్టలేరు. ఆమె చేయాల్సింది సౌండ్ బాక్స్ చెప్పిన మొత్తం వినడం. బాక్సును తెలుగులో చెప్పేలా మార్చించండి, స్కానర్ ఇచ్చిన కంపెనీ మనిషిని అడిగితే చేసిపెడతాడు. బాక్సుకు సొంత సిమ్ ఉంటుంది కాబట్టి నాన్నగారు ఫోన్ పట్టుకుని సరుకుకు పోయినా మోగుతుంది. రెండు సంగతులు చెప్పి ఉంచండి. ఒకటి, మొత్తం పూర్తిగా వినాలి, పక్క కొట్టు బాక్సు మోగినా మనదే అనుకోకూడదు. రెండు, "అమ్మా, బాక్సు చార్జింగ్ అయిపోయింది, ఇదిగో నా ఫోన్లో చూడండి" అనేవాళ్లకు సరుకు పక్కన పెట్టి, నాన్నకు ఫోన్ చేసి అడిగాకే ఇవ్వాలి. చార్జర్ కౌంటర్ కిందే పెట్టి, మధ్యాహ్నం ఆమె కూర్చునేముందు గుచ్చేయమని నాన్నగారికి చెప్పండి. ఆమె ఉన్న సమయంలో ఐదొందలు దాటిన బిల్లులు ఒక నోట్‌బుక్కులో రాస్తే, రాత్రి నాన్నగారు అకౌంట్‌తో సరిచూసుకోవచ్చు.

ఆడిటర్ దగ్గరికి పోయేముందు గత ఏడాది స్టేట్‌మెంట్ తీసి, అమ్మకం కాని వాటి పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. క్యాష్ ఇచ్చి తీసుకున్నవి, చీటీవి, మీరు పంపినవి. సంఖ్య ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే కాంపోజిషన్‌కు పోవాలా వద్దా అన్నది ఇంకొంచెం స్పష్టంగా చెప్పగలను.